పొట్టమీద మోసిన నీళ్ళు

ఇమిలిక్,
నవంబరు 14, 1974.

అమ్మా,

నువ్వు పంపిన పెట్టె అందింది. సీసాలు పదిహేనూ ఉన్నాయి గానీ ఒకదాని మూత పగిలింది. దాన్ని నీ కోడలు ఎలిసాపీ పట్టుకుపోయి సూదులు పోసుకుంది. నీళ్ళు ఎలా పట్టాలో మీ ప్రొఫెసరు రాసిన కాగితం మూడు పేజీలట, నువ్వు మన భాషలోకి దించేటప్పుడు రెండింటికి కుదించావట. మంచిపని చేశావు. నేను రెండుసార్లు చదివాను, ఎలిసాపీ ఒకసారి చదివి, ఇందులో నీకు తెలియనిది ఏముందని అడిగింది.

మొన్న తాసిక్ చెరువుకు వెళ్ళాను. కుక్కల బండి మీద రెండున్నర గంటలు పట్టింది. మంచు మూరన్నర మందం కట్టింది. బరమాతో చిల్లి పొడిచి, తాడు దింపి, నువ్వు రాసిన మూడు లోతుల్లోనూ నీళ్ళు పట్టాను. చూడ్డానికి నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అందులో లక్షల ప్రాణులున్నాయంటావు. మా అమ్మ కూడా చిన్నప్పుడు నన్ను ఇలాగే కనపడనివి చెప్పి భయపెట్టేది. పేరుతోపాటు ఆ బుద్ధి కూడా నీకు వచ్చినట్టుంది.

ఒక సంగతి చెప్పాలి. ఉత్తరపు కొండ వెనక జింకు గని తెరుస్తున్నారు కదా, వాళ్ళు రాయి కడిగిన మురికినీళ్ళు ఎక్కడ పొయ్యాలా అని చూస్తున్నారు. బ్రెమ్నర్ అని ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. తాసిక్‌లో చలికాలం ఏ ప్రాణీ కదలదని మీ ప్రొఫెసరు తేలిస్తే, చలికాలం ఆరునెలలూ ఆ నీళ్ళు అందులో పోసుకోవచ్చట. కదిలే ప్రాణి ఉందని తేలిస్తే పొయ్యడానికి లేదట. మరి అందులో చేపలున్నాయి కదా అన్నాం. చేపల లెక్క వేరే ఆఫీసు చూసుకుంటుందన్నాడు. కాబట్టి అమ్మా, నా సీసాలు జాగ్రత్తగా చూసుకో.

సూర్యుడు పోయి పదిరోజులైంది, మళ్ళీ కనపడేది ఫిబ్రవరిలోనే. కుక్కలు ఊరికే లేచి తిరుగుతున్నాయి, నా పరిస్థితీ అంతే.

నీ కొడుకు,
తుల్లిక్


మాంట్రియల్,
డిసెంబరు 27, 1974.

కొడుకా,

నీకు ఉత్తరం మొదలుపెట్టేసరికి మా ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే జిలేన్ తొంగిచూసి, ఈ మాటకి అర్థమేమిటని అడిగింది. కొడుకు అని చెప్పాను. ఇరవైమూడేళ్ళ పిల్లవి, నీకు ఉత్తరాలు చదివే కొడుకెక్కడి నుంచి వచ్చాడంది. నా కొడుక్కి యాభైరెండేళ్ళు, మోకాలి నొప్పి, పొగాకు అలవాటు అన్నాను. తర్వాత కూర్చోబెట్టి చెప్పాను, నువ్వు మా మేనమామవని, మీ అమ్మ పోయిన నెలకి నేను పుడితే ఆవిడ పేరు నాకు పెట్టారని, పేరుతోపాటు చుట్టరికాలు కూడా వస్తాయని. జిలేన్, అయితే నువ్వు అతన్ని తిట్టొచ్చా అని అడిగింది. అది నా హక్కు అన్నాను.

ఇక మంచి వార్త. నవంబరు సీసాల్లో నీళ్ళని జెల్లీ పోసిన గాజు పళ్ళేల మీద ఒక్కొక్క చుక్క పరిచి, రెండు డిగ్రీల చలిపెట్టెలో అయిదు వారాలుంచాం. మొన్న తీశాను. ఒక్కొక్క పళ్ళెంలో అయిదువందల పైన మచ్చలు. కొన్ని గులాబీ రంగు, కొన్ని మీగడ రంగు. ఒక్కొక్క మచ్చా ఒక్క బ్యాక్టీరియాతో మొదలై పెరిగిందే. ప్రొఫెసర్ విట్లాక్ గారు భూతద్దంలోంచి చూసి, మీ చెరువు బాగా మేలుకునే ఉందే అన్నారు. నీళ్ళు తెచ్చేది ఎవరని అడిగారు. మా అబ్బాయి అన్నాను, ఆయన నవ్వలేదు, మన చుట్టరికం సంగతి ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక్కడ గదులు మరీ వేడి. గొట్టాల్లో ఆవిరి తిరుగుతూనే ఉంటుంది. కిటికీ తెరిస్తే కింది అంతస్తు వాళ్ళు గొడవ. కూర్చోలేక లేస్తాను, లేచి ఎక్కడికెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చుంటాను. చలిపెట్టె గదిలోకి పనున్నా లేకపోయినా రోజుకి నాలుగుసార్లు వెళ్ళొస్తున్నాను.

జనవరి, ఫిబ్రవరి సీసాలే అసలైనవి. నీళ్ళు గడ్డకట్టనివ్వకు. మళ్ళీ చెబుతున్నాను, ఎట్టి పరిస్థితిలోనూ గడ్డకట్టనివ్వకు. గడ్డకడితే ఆ ప్రాణులు చితికిపోతాయి.

నీ అమ్మ,
ఉలాయుక్


ఇమిలిక్,
జనవరి 23, 1975.

అమ్మా,

సీసాలు విమానం ఎక్కించాను. తుఫాను మూలంగా విమానం రెండు రోజులు ఆలస్యం. ఒక్క సీసా కూడా గడ్డకట్టలేదు. నాలుగుసార్లు మూత తీసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా ముందుకుక్క ఈనింది. తొమ్మిది పిల్లలు. బయట గాలికి పుట్టిన గంటలో రెండు పోయాయి, మిగతా ఏడూ బతికాయి. తల్లి లేకుండా బండి సాగదు కాబట్టి తమ్ముడి మోటారు మంచుబండి అడిగి తీసుకెళ్ళాను. మంచు రెండు మూరల పైమాట. బరమా తిప్పి తిప్పి భుజం పట్టేసింది.

గనివాళ్ళు మనూరి పక్కన గుడారాలు వేశారు. ఇద్దరు ప్రతి రోజూ దుకాణానికి వచ్చి తియ్యటి పళ్ళ డబ్బాలన్నీ కొనుక్కుపోతున్నారు. ఎలిసాపీ ఒళ్ళు మండిపోతోంది.

ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

తుల్లిక్


మాంట్రియల్,
మార్చి 4, 1975.

కొడుకా,

జనవరి పళ్ళేలు తీశాం. ఒక్కొక్క దానిమీద నాలుగు మచ్చలు, అయిదు మచ్చలు. ఒకదానిమీద ఒక్కటీ లేదు.

రెండో వారానికి ఏమీ కనపడకపోయేసరికే, నా చేతి తప్పేమో అనుకుని జెల్లీ మళ్ళీ కాచి మిగిలిన నీళ్ళు పరిచాను. అందులోనూ ఇప్పటిదాకా అంతే. ఫిబ్రవరి సీసాలు వచ్చి రెండు వారాలైంది, వాటిలో కూడా ఇంకా ఏమీ పొడుచుకురాలేదు. విట్లాక్ గారు మాత్రం నెమ్మదిగా తల ఊపి, వెలుగు లేదు, తిండి లేదు, చలికాలం నడుమ చెరువు పూర్తిగా ఆగిపోతున్నట్టుంది అన్నారు. ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. గనివాళ్ళ మనిషి ఒకాయన పోయిన వారం వచ్చి ఆయనతో గంటసేపు మాట్లాడి వెళ్ళాడు. నివేదిక ఏప్రిల్ పదిహేనుకి పంపాలట.

నాకు నమ్మకం కుదరడం లేదు. చెరువు రెండు నెలల్లో చచ్చిపోదు. జనవరిలో నువ్వు చేసిన పని నవంబరులో చేసిన పనికన్నా ఎందులో తేడా ఉందో చెప్పు. మొదటి నుంచి చివరి దాకా చెప్పు. ఏదీ దాచకు. నీ జనవరి ఉత్తరం మరీ పొట్టిగా ఉంది, నువ్వు పొట్టి ఉత్తరం రాశావంటే ఏదో ఉందని నాకు తెలుసు.

నాకు నిద్ర సరిగా లేదు. బస్సు దిగాల్సిన చోట దిగకుండా రెండుసార్లు ముందుకెళ్ళిపోయాను.

ఉలాయుక్


ఇమిలిక్,
మార్చి 20, 1975.

అమ్మా ఉలాయుక్,

నీ ఉత్తరం చదివి నాకు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళుగా తాసిక్ మీద చేపలు పడుతున్నాను. చెరువులోంచి నీళ్ళు తీసుకురావడం నాకు రాదని ఇద్దరు చదువుకున్నవాళ్ళకి అనుమానం వచ్చింది. వచ్చి బరమా తిప్పమని మీ ప్రొఫెసరుకి చెప్పు. మూడో మూర దాకా తిప్పితే అప్పుడు మాట్లాడదాం.

సరే, దాచకు అన్నావు కాబట్టి చెబుతున్నాను, కోప్పడకు. నవంబరులో సీసాలు పెట్టి తెచ్చిన నీ పెట్టెలో జనవరి నుంచి కుక్కపిల్లలున్నాయి. ఆ తుఫానులో వాటిని ఇంకెక్కడ పెట్టను? లోపల మెత్తగా ఉంది, గాలి రాదు, వాటి కోసమే చేసినట్టుంది. ఏడూ బతికాయి. నీకు చెబితే ప్రభుత్వ పెట్టెలో కుక్కలేమిటని గోల చేస్తావని చెప్పలేదు. దాచింది అదొక్కటే.

సీసాల మాటకొస్తే, పెట్టెకన్నా భద్రంగా తెచ్చాను. నీళ్ళు గడ్డకట్టకూడదన్నావు. వేటకెళ్ళినప్పుడు తాగేనీళ్ళు ఎలా తెచ్చుకుంటాం? అలాగే తెచ్చాను. తోలుకోటు లోపల, చొక్కా కింద, ఒంటికి ఆనించి, పొట్టమీద వరసగా కట్టుకున్నాను. చెరువు దగ్గర నుంచి ఇంటిదాకా నా ఒంటివేడి తప్ప ఇంకేదీ తగలనివ్వలేదు. విమానం రాని రెండు రోజులూ వాటితోనే పడుకున్నాను. అటు తిరిగితే ఒకటి గుచ్చుకునేది, ఇటు తిరిగితే ఇంకొకటి. ఎలిసాపీ నవ్వి నవ్వి, నన్ను ఏ రోజైనా ఇంత జాగ్రత్తగా చూసుకున్నావా అంది. ఫిబ్రవరివి, మొన్నటి మార్చివి కూడా అలాగే తెచ్చాను.

ఇంకా తప్పు నాదేనంటావా?

తుల్లిక్


మాంట్రియల్,
ఏప్రిల్ 2, 1975.

కొడుకా,

నీ ఉత్తరం చదువుతూ, పొట్టమీద అన్నచోట ఆపేశాను. మిగతాది సాయంత్రం చదివాను.

ఆ ప్రాణులు సున్నా డిగ్రీల నీళ్ళలో పుట్టి అక్కడే బతుకుతాయి. వాటికి మన వేసవి కూడా ఎక్కువే. ఒంటివేడి వాటికి మరుగునీళ్ళతో సమానం. మన చెరువు ఆగిపోలేదు. దారిలో నీ పొట్టమీద అవి చచ్చిపోయాయి.

కానీ తప్పు నీది కాదు. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను. ప్రొఫెసరు రాసిన ఇంగ్లీషు కాగితంలో నీళ్ళు గడ్డకట్టకూడదు అన్న వాక్యం కిందే ఇంకో వాక్యం ఉంది. నీళ్ళు నాలుగు డిగ్రీలకు మించి వెచ్చబడకూడదని. నేను దాన్ని మన భాషలోకి దించుతుంటే నవ్వొచ్చింది. ఇమిలిక్‌లో, జనవరిలో, ఏది వెచ్చబడుతుంది? ఇది ఎండదేశాల వాళ్ళ కోసం రాసుంటారు, మా వాళ్ళు చదివితే నవ్వుతారు అనుకున్నాను. వదిలేశాను. రెండు పేజీల్లో సరిపోయిందని మురిసిపోయాను కూడా. అక్కడే పుట్టి పెరిగి, తాగేనీళ్ళు కోటులో పెట్టుకుని తెస్తారని నాకు గుర్తు రాలేదు. మా నాన్న అలా తెస్తుంటే ఆయన మెడకింద నుంచి గొట్టం పెట్టుకుని తాగినదాన్ని.

ఇంకా ప్రొఫెసరుకి చెప్పలేదు. రోజూ ఆయన గది తలుపు దాకా వెళ్తున్నాను. లోపల ఎవరో ఉంటే హమ్మయ్య అనుకుని వెనక్కి వస్తున్నాను, ఎవరూ లేకపోయినా వస్తున్నాను. మన ఊరి నుంచి ఈ బల్ల దగ్గరికి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే తీసేస్తారు. చెప్పకపోతే పదిహేనో తారీకుకి నివేదిక వెళ్ళిపోతుంది. నాకు భయంగా ఉంది. నీకు అమ్మనని చెప్పుకుంటాను గానీ ఇప్పుడు నాకే ఒక అమ్మ కావాలి.

నువ్వు వెంటనే వెళ్ళి కొత్తగా నీళ్ళు పట్టు. చెరువు మంచునే తవ్వి పెట్టెలో పోసి, ఆ తడిమంచు నడుమ సీసాలు పెట్టు. చేత్తో మూత తప్ప ఇంకేదీ ముట్టుకోకు.

ఉలాయుక్


ఇమిలిక్,
మే 9, 1975.

అమ్మా,

కుక్కపిల్లల్ని పెట్టెలోంచి దింపి, పెట్టె కడిగి, ఏప్రిల్ పన్నెండున నీళ్ళు పట్టి పంపాను. అందే ఉంటాయి. అప్పటి నుంచి నాలుగు వారాలుగా నీ ఉత్తరం లేదు. చెప్పావో లేదో తెలియక ప్రతి విమానానికీ వెళ్ళి నిలబడ్డాను.

మంగళవారం బడిలో మీటింగు పెట్టారు. ఊరంతా వచ్చింది. బ్రెమ్నర్ వచ్చాడు, గనివాళ్ళు ఇద్దరు వచ్చారు, భాష మార్చి చెప్పడానికి ఒకమ్మాయిని తెచ్చుకున్నారు. మీ ప్రొఫెసరు నివేదిక చదివారు. చలికాలం నడుమ తాసిక్‌లో ప్రాణం ఆగిపోతుందని ఉంది. అక్టోబరు నుంచి మురికినీళ్ళు పోస్తారట. అప్పుడు నాకు తెలిసింది, నువ్వు చెప్పలేదని.

లేచి నిలబడ్డాను. చెరువు ఆగలేదు, సీసాలు నేను పొట్టమీద తెచ్చాను, అందుకని చచ్చాయి అన్నాను. ఆ అమ్మాయి దాన్ని వాళ్ళకి చెప్పకముందే మనవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ముసలి నతాక్, "నీ పొట్టలో ఎండాకాలం పెట్టుకుని తిరుగుతున్నావా" అన్నాడు. నేనూ నవ్వాను. అంతవరకూ బాగానే ఉంది.

బ్రెమ్నర్ మాత్రం నవ్వలేదు. వెచ్చబడకూడదని నీకిచ్చిన కాగితంలో ఉందా లేదా అని అడిగాడు.

ఉందని చెప్పాను. ఉంది, నేనే సరిగ్గా చదవలేదు అన్నాను.

నువ్వు నాకు పేరులోనే అమ్మవని కొందరు అనుకుంటారు. నాకు అలా కాదు. అంతమంది ముందు మా అమ్మ పేరు తప్పులో ఎలా పెట్టను?

అతను రాసుకున్నాడు. రాసుకుని, కాగితమే చదవని మనిషి తెచ్చిన సీసాలు ఏవీ లెక్కలోకి రావు, నవంబరువి కూడా రావు, ఇకముందు తెచ్చేవి కూడా రావు అన్నాడు. అంటే చెరువు బతికే ఉందని చూపించడానికి మన చేతిలో ఇప్పుడు ఒక్క సీసా లేదు. నేను నోరు తెరవకపోయి ఉంటే నవంబరువైనా మిగిలేవి. జూన్ పదిన మళ్ళీ వస్తారు, ఆ రోజు సంతకాలు చేసేస్తారు.

అప్పటి నుంచి దుకాణానికి వెళ్ళడం లేదు. నవ్వినందుకు కాదు. మొన్న ఎవరో మంచు ఎంత మందం ఉందని నన్ను అడగబోయి, ఆగి, నా తమ్ముణ్ణి అడిగారు.

తుల్లిక్


మాంట్రియల్,
మే 28, 1975.

కొడుకా,

నీ ఉత్తరం అందిన అరగంటలో విట్లాక్ గారి గదిలోకి వెళ్ళాను. లోపల ఇద్దరున్నారు, అయినా వెళ్ళాను. ఇంగ్లీషు కాగితం, నా కాగితం పక్కపక్కన బల్లమీద పెట్టి ఏ వాక్యం లేదో వేలు పెట్టి చూపించాను. ఎందుకు వదిలేశావన్నారు. మా ఊళ్ళో చలికాలం వెచ్చగా ఉండేది ఏదీ లేదనుకున్నాను అన్నాను. రెండు నెలలుగా తెలిసి ఊరుకున్నావా అని అడిగారు. ఊరుకున్నాను అన్నాను. తప్పు చేసినందుకు కాదు, ఊరుకున్నందుకు నన్ను బల్ల దగ్గర నుంచి తీసేశారు. సోమవారం నుంచి గాజుసామాను కడిగే గదిలో పని. నాకు ఏడుపొచ్చింది గానీ, నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

తీసేసే ముందు ఒక పని అడిగాను, ఒప్పుకున్నారు. ఏప్రిల్ సీసాల పళ్ళేలు నన్నే తియ్యనిచ్చారు. ఆయన పక్కనే నిలబడ్డారు. ఒకదానిమీద ఆరువందల పదకొండు, ఒకదానిమీద ఆరువందల నలభై, మూడోది లెక్కపెట్టలేకపోయాం, మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆయన ఆ రోజే నివేదిక వెనక్కి తీసుకుంటున్నట్టు బ్రెమ్నర్‌కి రాశారు. నవంబరువీ ఏప్రిల్‌వీ లెక్కలోకి తీసుకోవాలని, జనవరి నుంచి మార్చి దాకా ఉన్నవి కొట్టెయ్యాలని రాశారు. కానీ బ్రెమ్నర్ ఫోను చేసి, కాగితం చదవలేదని ఆ మనిషే అందరి ముందు ఒప్పుకున్నాడు కదా, ఇప్పుడు ఏ మాట నమ్మాలి అన్నాడట. అక్కడ చిక్కుపడింది.

నా కోసం అబద్ధం చెప్పావు. చదివి నేను గర్వపడ్డానని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. నాకు కోపం వచ్చింది. మీ అమ్మ ఉండుంటే చెవి మెలిపెట్టేది. చెరువు మీద నీ మాట ఆ ఊళ్ళో చెల్లాలి. నేను లేకపోయినా చెల్లాలి. దాన్ని తీసుకెళ్ళి నా తప్పుకి మూతగా పెట్టావు.

అందుకని ఈ ఉత్తరంతో ఇంకో కాగితం పెడుతున్నాను. అది నీకు కాదు, ఊరికి. రెండు భాషల్లోనూ రాశాను, కింద విట్లాక్ గారు కూడా సంతకం పెట్టారు. జూన్ పదిన మీటింగులో నువ్వే లేచి నిలబడి పైకి చదవాలి. అందులో ఇలా ఉంది: "తుల్లిక్ తన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. వెచ్చబడకూడదన్న వాక్యం అందులో లేదు. దాన్ని తీసేసింది నేను, ఉలాయుక్‌ని. తెలిసి రెండు నెలలు భయపడి దాచింది కూడా నేనే."

నా పేరు వచ్చేచోట నీ గొంతు దిగిపోతుందని తెలుసు. అక్కడ దగ్గుతావు, లేకపోతే కాగితం తిప్పేస్తావు. తిప్పెయ్యకు. పేరు గట్టిగా చదువు, వెనక కూర్చున్న నతాక్‌కి కూడా వినపడాలి. నవ్వితే నవ్వనీ.

ఒక్క వాక్యం కూడా వదలకుండా చదువు.

నీ అమ్మ,
ఉలాయుక్